ఎర్రబట్ట లేదన్నారు

"ఇదేంటో చెప్పండి ముందు. తరవాత చొక్కా తొడుక్కుందురు గాని."

మా ఆయన పనిసంచిలో దొరికిన వస్తువు తీసి మంచం మీద పడేశాను. జానెడు పొడవున్న రెండు చెక్కముక్కలు, వాటిని కలిపి పట్టే బోల్టు, చేత్తో తిప్పే నట్టు. చెక్కలకి లోపలివైపు కంబళిగుడ్డ అతికించి ఉంది. నేను వెతికింది కత్తెర కోసం. దొరికింది ఇది.

ఆయన ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి బయట, అలాగే నిలబడిపోయాడు.

"నా సంచి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"పెళ్లయి ఆరేళ్లయింది. ఆరేళ్లలో మీ సంచి నేను ముట్టుకోని రోజు లేదు. ఈ తొమ్మిది రోజుల్నించే వద్దంటున్నారు."

తొమ్మిది రోజుల కిందట మా తమ్ముడు పోయాడు. యుద్ధంలో కాదు, ట్రైనింగులో. విమానం నేల వదిలి మూడు మేడల ఎత్తు లేచి, ఎడమ రెక్క వాల్చేసి, మళ్లీ ఎత్తలేక మైదానం చివర గడ్డిలో తిరగబడింది. వాడితో చేరిన నలభైమంది కుర్రాళ్లలో పోయినవాళ్లు వాడితో ఏడుగురు. ఏడుగురిలో ఒక్కడు కూడా శత్రువు మొహం ఎలా ఉంటుందో చూడలేదు. పేపర్లో మాత్రం పైలట్ల శిక్షణ ఉరకలు వేస్తోందని రోజూ రాస్తున్నారు. ఉరకలు వేస్తోంది, ఎవరు కాదన్నారు? ఉరికి ఉరికి నేలలోకే పోతోంది.

మా ఆయన ఆ మైదానంలోనే ఫిట్టరు. మా ఇంట్లోనే ఉంటాం. ఇల్లరికపు అల్లుడని నలుగురూ నవ్వినా నోరెత్తే మనిషి కాదు. ఆ నోరెత్తకపోవడం మంచితనమనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

"ఇది రెక్కకి బిగించేదే కదా? రాత్రి గాలికి రెక్క వెనక పలక కొట్టుకోకుండా బిగిస్తారు, పొద్దున తీసేస్తారు, లేకపోతే వాలిన రెక్క మళ్లీ లేవదు. మీరే చెప్పారు ఒకసారి."

"ఆఁ."

"తీశారా?"

చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక గుండీ తప్పి ఒక గుండీ పెట్టాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. తమ్ముడి విమానానికి ఇది తీశారా, లేదా?"

"లేదు."

అంత చిన్న మాట. మంచం పట్టుకుని కూర్చున్నాను.

"నెమ్మదిగా మాట్లాడు, అత్తయ్య వింటారు," అన్నాడు. తరవాత తనే చెప్పాడు, గోడతో చెప్తున్నట్టు. "ఇదివరకు బిగించినవాడే తీసేవాడు. తీసి పెట్టెలో వేసి లెక్క పెట్టేవాళ్లం. ఇరవై రెండు విమానాలకి రెక్కకో జత చొప్పున నలభై నాలుగు జతలు. లెక్క సరిపోతేనే మొదటి విమానం కదిలేది. యుద్ధం వచ్చాక బిగించేది రాత్రి డ్యూటీవాళ్లు, తీసేది మేము. మేమంటే ఎంతమంది? ముగ్గురం. ఆ పొద్దున ఒకదాని ఇంజను అంటుకోకపోతే నేను దాని దగ్గర ఉన్నాను. ఎడమవైపుది రెండోవాడు తీశాడనుకున్నాను. నేను తీశాననుకున్నాడు వాడు. లెక్క పెట్టడం మానేసి నెల దాటింది."

"వాడు చూసుకోలేదా మరి? ఎక్కగానే రెక్క పలకల్ని ఆడించే కర్ర అటూ ఇటూ కదిపి చూస్తారంటగా?"

"చూడాలి. ఒకడు లేచిన అరనిమిషానికి ఇంకొకడు లేవాలని పైనించి హుకుం. వెనకవాడు ఇంజను రయ్యిమనిపిస్తూ ఉంటే ఏం చూస్తాడే? ఎవరూ చూడట్లేదు. చూసినవాణ్ణి బద్ధకస్తుడని తిడుతున్నారు."

"పడ్డాక మీరేగా ముందు పరిగెత్తింది?"

"నేనే."

"పరిగెత్తి తీసింది వాణ్ణి కాదు, దీన్ని."

ఆ మాట అనకూడదు. తెలిసే అన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

"వాడప్పటికే లేడే. నన్ను నమ్ము. వాడు లేడు. రెక్క మీద ఇది అలాగే ఉంది. భయమేసింది. విప్పి చొక్కాలో దోపుకున్నాను."

"అలా చెప్పండి! మీ మెడ మీదికి రాకుండా దాచారు. ఇప్పుడా విచారణ ఆఫీసరు పదింటికి వస్తున్నాడు, తప్పంతా వాడిదేనని రాసుకుని. దాని కింద నాన్న సంతకం పెట్టాలి. మీరు పక్కన నిలబడి చూస్తారు. అంతేనా? వాడు బావా బావా అని మీ మీద ప్రాణం పెట్టుకున్నాడు కదండీ!"

"అంతే కాదు."

"ఇంకేం మిగిలింది?"

ఆయన ఆ చెక్కలు తీసి బోల్టు కిందనించి వేలాడుతున్న గుడ్డపట్టీ నా అరచేతిలో పెట్టాడు. జానెడు పట్టీ. మట్టీ నూనే అంటి ఉంది.

"చివర చూడు," అన్నాడు.

చూశాను. చివర మూడు మడతలు మడిచి, అడ్డంగా రెండుసార్లు మిషను నడిపిన కుట్టు. ఆ కుట్టు నాకు తెలీకపోవడమేమిటి? నా చిన్నప్పటి గౌన్లకి అదే కుట్టు. నాన్న చొక్కాలకి అదే. మా పొట్టి తమ్ముడు విమానంలో కూర్చుంటే ముందు అద్దం అందడం లేదంటే వాడి కింద వేసుకోవడానికి అమ్మ కుట్టిచ్చిన దిండుకీ అదే.

పట్టీ మాత్రం ఎర్రది కాదు. ఖాకీది.

మిషను పని మా అమ్మకి మైదానం సామాను డిపో నుంచే వస్తుంది. చెక్కలకి కట్టే పట్టీలు మొదట్లో మూరెడు పొడవుండేవి, మందారమంత ఎరుపు. ఎంత దూరాన్నుంచైనా కనపడాలి, కనపడితే తీస్తారు, అందుకే ఆ రంగు. రెండు నెలల కిందట డిపో గుమాస్తా ఖాకీ తాను ఒకటి తెచ్చి గుమ్మంలో పడేశాడు.

"ఎర్రబట్ట లేదమ్మా. ఎవరో పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని ఉన్నదంతా స్వాగతద్వారానికి చుట్టేశారు. దీంతోనే లాగించెయ్యండి. మూరెడక్కర్లేదు, జానెడు చాలు."

"ఇది కనపడుతుందా బాబూ?" అని అడిగింది అమ్మ. అడిగింది. నేనక్కడే ఉన్నాను.

"కళ్లున్నవాళ్లకి కనపడుతుంది లెండి!" అన్నాడు వాడు. ముగ్గురం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. విమానాలన్నిటికీ మట్టిరంగు పూశారని మా ఆయన అంతకు వారం ముందే అన్నం తింటూ చెప్పాడు. విన్నాను, ఇంకాస్త వడ్డించాను, మర్చిపోయాను.

"ఆవిడకి తెలిస్తే ఏమవుతుందో చెప్పు," అన్నాడు మా ఆయన. "నన్ను జైల్లో వెయ్యమను, వేసుకోనీ. ఆవిడకి ఎలా చెప్తావు?"

చెక్కల్ని మళ్లీ సంచిలో పెట్టేశాను. ముందుగదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడయింది. ఆఫీసరు పదింటికన్నాడు, తొమ్మిదిన్నరకే వచ్చాడు. చావు కబురు కాయితం పంపడానికి మాత్రం పన్నెండు గంటలు ఆలస్యం చేశారు.

*

మా ముందుగదిలో కిటికీకి ఇటు నాన్న గడియారాల బల్ల, అటు అమ్మ కుట్టుమిషను. తొమ్మిది రోజులుగా మిషను మీద దుప్పటి కప్పే ఉంది. దాని కింద, కుట్టేసి మూటకట్టిన పట్టీలు రెండొందలు, వాడు పోవడానికి ముందురోజు పూర్తయినవి, అలాగే పడున్నాయి.

ఆఫీసరు చెడ్డవాడిలా లేడు. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. నెత్తిన నాలుగు నెరసిన వెంట్రుకలు, నిద్రలేని కళ్లు, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇలాంటి ఇళ్లు ఇదివరకు ఆరు తిరిగొచ్చాడు కదా, ఎక్కడ దగ్గాలో ఎక్కడ ఆగాలో బాగా అలవాటయింది.

"చదువుతాను, వినండి పెద్దాయనా. 'విమానం లేపే ముందు చూసుకోవలసినవి సరిగా చూసుకోనందువల్ల, శిక్షణలో ఉన్న పైలట్ పొరపాటు కారణంగా...'"

"ఆ మాట కొట్టెయ్యండి," అన్నాడు నాన్న.

"ఏ మాట?"

"పొరపాటు. అది కొట్టేసి మిగతాది ఏమైనా రాసుకోండి. సంతకం పెడతాను."

"అది కొట్టేస్తే మిగతాది ఏముంటుందండీ?"

"సార్, నాది గడియారాల పని. వాడికి ఏడో ఏడు వచ్చిన దగ్గర్నుంచీ ఈ బల్ల ముందు కూర్చోబెట్టుకుని నేర్పాను. మూత తీసే ముందు చూడు, మూత పెట్టాక చూడు. ఒక్క మర తక్కువైనా మూత వెయ్యకురా అని చెప్పాను. ఎప్పుడూ వెయ్యలేదు. అలాంటివాడు చూసుకోకుండా ఎక్కాడంటే నేను ఒప్పుకోను. నన్ను చంపినా ఒప్పుకోను."

"ఎవర్నీ తప్పుపట్టడం కాదు పెద్దాయనా. ఏదో ఒకటి రాయాలి కదా."

"తెలీదు అని రాయండి."

"తెలీదు అని రాయడానికి గడి లేదు." ఆ మాట వెటకారంగా అనలేదు. కాయితం తిప్పి చూపించాడు. "మూడే ఉన్నాయి. ఇంజను, వాతావరణం, పైలట్. ఇంజను బాగానే ఉందని మీ అల్లుడే రాసిచ్చాడు. ఆ రోజు గాలీవానా లేవు. ఇంక మిగిలింది..."

మిగిలింది మా తమ్ముడు. ఎంత తేలిగ్గా తేల్చేశారో!

మా ఆయన గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. నాన్న ఆయనవైపు తిరిగాడు.

"ఏం అల్లుడూ, నువ్వైనా చెప్పవయ్యా. వాడి పక్కనే ఉండేవాడివి. మనవాడు అలాంటివాడా?"

"కాదు మామయ్యా," అన్నాడు. గొంతు వినపడీ వినపడనట్టుంది.

"విన్నారా?" అన్నాడు నాన్న ఆఫీసరుతో, కేసు గెలిచినట్టు.

ఆఫీసరు దగ్గాడు. "మీరు సంతకం పెడితే మీవాడి సామాను పెట్టె ఈ రోజే పంపించేస్తాను. ఫైలు తెరిచి ఉన్నంతకాలం అది ఇవ్వడానికి నాకు అధికారం లేదు. పెట్టెలో ఉత్తరాలూ అవీ ఉన్నట్టున్నాయి."

నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "ఉండనివ్వండి మీ దగ్గరే," అన్నాడు.

అప్పుడే అమ్మ టీ తీసుకుని వంటింట్లోంచి వచ్చింది. కప్పు ఆఫీసరు ముందు పెట్టింది. ఒక్క చుక్క సాసర్లోకి ఒలకలేదు.

"పెట్టెయ్యండి సంతకం," అంది నాన్నతో.

"ఏంటే నువ్వనేది?"

"వాడిదే పొరపాటని రాసుకోనివ్వండి. పెట్టెయ్యండి."

తొమ్మిది రోజులుగా అమ్మ నోటివెంట నాలుగు మాటలు వస్తే గొప్ప. ఇప్పుడొచ్చిన మాట ఇది. నాన్న పిడుగుపడ్డ మనిషిలా చూస్తూ ఉండిపోయాడు. అమ్మ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వెంటపడ్డాను.

"నీకేమైనా మతిపోయిందా అమ్మా? కన్నకొడుకు మీద..."

"గొంతు తగ్గించు."

"తగ్గించను. ఎందుకన్నావు ఆ మాట?"

అమ్మ పొయ్యి ముందు కూర్చుని కట్టె లోపలికి తోసింది. నావైపు చూడలేదు.

"సంచి ఉతుకుదామని మూడోరోజునే తీశానే," అంది.

కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అలాగే గుమ్మం పట్టుకున్నాను. అంటే ఆరు రోజులుగా ఈవిడకి తెలుసు. చెప్పకుండా దాచి ఈవిణ్ణి కాపాడుతున్నానని నా మొగుడు అనుకుంటున్నాడు. అల్లుడు సంచిలో పెట్టుకున్నదాన్ని చూడనట్టే మళ్లీ పెట్టేసి ఈవిడ ఆయన్ని కాపాడుతోంది. ఇద్దరూ కలిసి ఆ పొట్టివెధవని బలిపెడుతున్నారు.

"ఇన్నాళ్లూ నోరు మెదపలేదేం?"

"ఏం మెదపమంటావు? నా కొడుకుని నా చేతుల్తోనే చంపుకున్నానని వీధిలో నిలబడి అరవమంటావా?"

"నువ్వు చంపలేదమ్మా. ఆ గుడ్డ ఇచ్చినవాడు..."

"నేను అడిగాను, కనపడుతుందా అని. వాడు నవ్వాడు. నేను ఊరుకున్నాను. చంపడమంటే ఇంకెలా ఉంటుందే?" పొగకి కళ్లు తుడుచుకుంది. పొగకో, దేనికో. "అయిపోయిందేదో అయిపోయింది. మీ ఆయన ఉన్నాడు. ఆయన్ని మిలిటరీ జైల్లో తోస్తే నీ గతేంటి? వాడికేం, వాడి మీద ఏం రాస్తే ఏముంది? నీ పాపం వాడు మోసిన రోజులు లేవా? నువ్వు నాన్న భూతద్దం పగలగొడితే నేనే అని దెబ్బలు తినలేదూ? అమ్మ కోసం ఈ ఒక్క మాట పడడా? పడతాడు. నాకు తెలుసు నా కొడుకు సంగతి."

"వాడు పడతాడులే. మిగతావాళ్లో? ఇంకా ముప్పైముగ్గురున్నారు అక్కడ. నీ కోసం వాళ్లందరూ పడాలా? వాళ్లందర్నీ నువ్వే కన్నావా?"

అమ్మ చెయ్యెత్తింది. కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. చెయ్యి అలాగే దించేసుకుని పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది.

"నేను తీసుకెళ్లి ఆ చెక్కలు ఆయన ముందు పెట్టేస్తాను," అన్నాను.

"ఏ చెక్కలు?"

పొయ్యిలోకి నేనూ చూశాను. నిప్పుల మధ్య బోల్టు ఎర్రగా కాలి ఉంది. పక్కన నట్టు. చెక్కలన్నవి లేవు. మేమంతా ముందుగదిలో ఉండగా సంచిలోంచి తీసేసింది.

"కట్టెలు తడిసి అంటుకోలేదు," అంది అమ్మ.

ఆఫీసరు అవతల గదిలో తాగుతున్న టీ దానిమీదే కాగింది.

*

నేను ముందుగదిలోకి వచ్చేసరికి నాన్న సంతకం పెడుతున్నాడు. వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో పట్టి ఊపిరి బిగపట్టి కూర్చోబెట్టే చెయ్యి అది. కాయితం మీద రెండుసార్లు జారింది. అమ్మ మాట కాదనడం ఆయనకి ఈ జన్మలో చేతకాలేదు.

"మంచిది," అన్నాడు ఆఫీసరు. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పెట్టె సాయంత్రానికి పంపిస్తాను."

ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మందాకా వెళ్లి ఆగాడు.

"ఈ సమయంలో అడగకూడదు. డిపోవాళ్లు చెప్పారు, ఇక్కడ పట్టీలేవో తయారుగా ఉంటాయి, వచ్చేటప్పుడు పట్టుకురమ్మని. రేపటి నుంచి కొత్త బ్యాచి దిగుతోంది. నలభైమంది."

మా ఆయన కదల్లేదు. నాన్నే వంగి మిషను కిందనించి మూట తీశాడు. ఆయనకేం తెలుసు పాపం? నేను అడ్డం వెళ్లి మూట ఆయన చేతుల్లోంచి లాక్కున్నాను.

"ఇచ్చెయ్యవే," అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"ఇవ్వండమ్మా," అన్నాడు ఆఫీసరు. చెయ్యి చాపి మూటకి ఒకవైపు పట్టుకున్నాడు. నేను వదల్లేదు. కాస్త గట్టిగా లాగాడు. నేనూ లాగాను. చిన్నపిల్లల్లా ఇద్దరం ఆ గుడ్డమూట కోసం పెనుగులాడుతున్నాం.

"ఏమిటమ్మా ఇది?"

"ఇవి కనపడవు సార్."

"ఏవి?"

"వద్దే," అన్నాడు మా ఆయన గోడదగ్గర్నించి.

మూట ముడి ఊడిపోయింది. ఒక పట్టీ లాగి ఆఫీసరు చొక్కా చేతి మీద పరిచాను. ఖాకీ మీద ఖాకీ.

"చూడండి. ఎక్కడుందో వెతుక్కోండి. మీ చేతి మీదే ఉంది, మీ కళ్ల ముందే ఉంది. పొద్దున వెలుగు రాకముందు, మట్టిరంగు రెక్క మీద, ముగ్గురు మనుషులు ఇరవై రెండు విమానాల చుట్టూ పరిగెడుతూ ఉంటే ఇది ఎవడికి కనపడుతుంది సార్? మా వాడు చూసుకోలేదంటున్నారు. చూసేందుకు అక్కడేముంది?"

ఆయన చేతి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ చూపులో ఏదో మారింది. నాకు బాగా గుర్తు. ఆ క్షణాన నాకు ఆశ పుట్టింది.

"రెక్కల చెక్కలకి ఇవే కడుతున్నారా?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన నన్ను చూశాడు, అమ్మని చూశాడు. "రెండు నెలల్నించి," అన్నాడు.

"ఆ రోజు రెక్క మీద చెక్క ఉండిపోయిందా?"

"ఉండిపోయింది సార్."

నాన్న బల్ల పట్టుకుని లేచాడు. "ఏమిటి అల్లుడూ? ఏం చెక్క? ఏం మాట్లాడుతున్నారు మీరంతా?"

ఆఫీసరు వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తీశాడు. జేబులో కాయితం తీసి మడత విప్పాడు. ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాను. ఎర్రబట్ట ఏమైందని అడుగుతాడు. ఈ తాను ఎవరిమ్మన్నారని అడుగుతాడు. స్వాగతద్వారం దగ్గర్నుంచీ గుమాస్తా నవ్విన నవ్వుదాకా అంతా నా నాలుక చివర సిద్ధంగా ఉంది.

"ఎవరు కుట్టారమ్మా ఇవి?" అన్నాడు.

"బట్ట డిపోవాళ్లే ఇచ్చారు సార్, ఎర్రది లేదని..."

"బట్ట సంగతి కాదు. కుట్టిందెవరు?"

మా ఆయన నోరు తెరిచి మూశాడు. ఇంతలో నాన్న అందుకున్నాడు. ఇందాకట్నుంచీ ఆ గదిలో తనకి జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే మరి.

"మా ఆవిడే సార్," అన్నాడు. "ఈ చుట్టుపక్కల అంత గట్టి కుట్టు ఇంకెవరికీ రాదు."

ఆఫీసరు కలం మూత తీసి అమ్మవైపు తిరిగాడు.

"మీ పూర్తి పేరు చెప్పండమ్మా," అన్నాడు.